రెండు తెరలు, నాలుగు బల్లలు
లినక్సు కంప్యూటరుపై పని సర్దుకొనే పద్ధతి

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనం 1939లో ప్రారంభమయినది. ఆ రాతి కట్టడాన్ని చూచి, విద్యార్థి వసతి గృహాలను దాటి కొంతదూరం నడిస్తే తార్నాక వస్తుంది. ఆ చుట్టుపట్ల అద్దె గదులలో పరిశోధక విద్యార్థులు చాలామంది ఉంటారు. అట్టి గది ఒకటి ఉన్నదనీ, అందులో ఒక విద్యార్థిని చిన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నదనీ ఊహించుకుందాము.

ఆమె చేస్తున్న పని ఇది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో భారత డిజిటల్ గ్రంథాలయ పథకం కింద మన దేశపు గ్రంథాలయాలలోని పుస్తకాలను లక్షలాదిగా స్కాన్ చేశారు. ఉస్మానియా గ్రంథాలయపు చీటీ అంటించిన తెలుగు పుస్తకాలు అందులో అనేకం ఉన్నవి. వాటిని నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఎవరైనా తెరచి చదువుకొనవచ్చును. కాని అవి పుటల బొమ్మలే. యంత్రం ఆ బొమ్మలను చదివి అక్షరాలుగా మార్చగలదు గాని, అందులో తప్పులు దొర్లుతవి. మనిషి ఒక్కొక్క పంక్తిని అసలు పుటతో పోల్చి దిద్దితే తప్ప అది నమ్మదగిన ప్రతి కాదు. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందంగా పనిచేసేవారు చేస్తున్నది ఇదే. ఒక పక్క పుట బొమ్మ, మరొక పక్క అక్షరాలు పెట్టుకొని వారు దిద్దుతారు. మన విద్యార్థిని తన సిద్ధాంత వ్యాసం కోసం ఒక పాత పుస్తకాన్ని ఇట్లాగే శుద్ధప్రతిగా తయారు చేస్తున్నది.

ఆమెకు వచ్చిన చిక్కు తెలివికి సంబంధించినది కాదు, చోటుకు సంబంధించినది. పుట బొమ్మను చదవదగినంత పెద్దదిగా పెడితే అక్షరాల కిటికీ దాని వెనుక దాగిపోతుంది. దానిని ముందుకు తెస్తే పుట మాయమవుతుంది. మధ్యలో ఒక మాటకు అర్థం చూడాలంటే నిఘంటువు తెరవాలి. అది ఆ రెండింటినీ కప్పివేస్తుంది. కాబట్టి ఆమె ఒక పంక్తిని చదివి, మనసులో పట్టుకొని, కిటికీ మార్చి, దిద్ది, మళ్ళీ కిటికీ మార్చి, ఎక్కడ ఆగినదో వెదుక్కొంటున్నది.

వెనుకటి వ్రాయసకాండ్రకు ఈ ప్రమాదం తెలిసినదే. తాళపత్రం చూచి ప్రతి వ్రాసేటప్పుడు రెండు దగ్గర పంక్తులు ఒకే మాటతో ముగిస్తే, కన్ను మొదటిదానికి బదులు రెండవదాని మీద వాలుతుంది. మధ్యనున్న పంక్తి ఎగిరిపోతుంది. ప్రతిలో అర్థం చెడకపోతే ఆ లోపం ఎవరికీ తెలియదు. కన్ను అసలును విడిచిపోయి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇట్టి తప్పుకు ఒక అవకాశం ఉన్నది. కంప్యూటరు వచ్చినంత మాత్రాన ఈ తప్పు పోలేదు.

ఈ చిక్కును తీర్చటానికి రెండు సాధనాలు కలవు. ఒకటి రెండవ మానిటరు. రెండవది మిథ్యా బల్ల. ఇంగ్లీషులో వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. రెండూ చోటును పెంచేవే అయినా అవి చేసే పనులు వేరు. ఆ భేదం తెలియకపోతే రెండూ ఉండి కూడా పని సులువు కాదు.

చోటు కోసం పోటీ

ఈ సమస్యను శాస్త్రీయంగా పరిశీలించినవారు అమెరికాలో జెరాక్సు సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ అనేవారు. వారు 1986లో ప్రకటించిన వ్యాసంలో ఒక చక్కని పోలిక చెప్పారు.

కంప్యూటరులో జ్ఞాపకశక్తి పరిమితం. చేస్తున్న పనికి కావలసిన సమాచారమంతా అందులో పట్టకపోతే, యంత్రం కొంత భాగాన్ని డిస్కు మీదికి తోసివేసి, కావలసినది లోపలికి తెచ్చుకుంటుంది. ఈ మార్పిడి మరీ ఎక్కువయితే యంత్రం అసలు పని మాని మార్పిడితోనే సతమతమవుతుంది. ఒక పనికి ఒక సమయంలో తప్పక దగ్గర ఉండవలసిన సమాచారాన్ని పీటర్ డెన్నింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1968లో నిర్వచించి, దానికి ‘వర్కింగ్ సెట్’ అని పేరు పెట్టాడు. మనం దానిని ‘పని కట్ట’ అనుకుందాము. పని కట్ట మొత్తం లోపల పడితే పని సాఫీగా సాగుతుంది, పట్టకపోతే రాకపోకలే మిగులుతవి.

మనిషి కూర్చున్న తెర కూడా ఇట్టిదేనని హెండర్సన్, కార్డ్ గ్రహించారు. తెర చిన్నది, కిటికీలు ఎక్కువ. అయితే మనిషి కిటికీలను అడ్డదిడ్డంగా వాడడు. కొంతసేపు ఒక పనికి సంబంధించిన రెండు మూడు కిటికీల మధ్య తిరుగుతాడు. తరువాత మరొక పనికి పోయి, మరొక రెండు మూడింటిని వాడతాడు. కాబట్టి పనికొక గది చొప్పున కిటికీలను విభజించి, గది మారినప్పుడు కిటికీలన్నీ ఒక్కసారిగా మారేటట్లు చేస్తే పోటీ తగ్గుతుంది. వారు తయారుచేసిన ఏర్పాటుకు ‘రూమ్స్’, అనగా గదులు, అని పేరు పెట్టారు.

మన విద్యార్థిని పని కట్టలో పుట, అక్షరాలు, నిఘంటువు అని మూడు కిటికీలు ఉన్నవి. ఇవి ఒకేసారి కనిపించాలి. ఆమెకు వచ్చే ఉత్తరాలు, వ్యాసంలోని ఇతర అధ్యాయాలు, వినే పాటలు ఈ కట్టలోనివి కావు. అవి కావలసినప్పుడు రావాలి, లేనప్పుడు కంటికి కనబడరాదు. దీనిని బట్టి ఒక సూత్రం చెప్పుకొనవచ్చును: ఒకేసారి చూడవలసినవాటికి మానిటరు, ఒకదాని తరువాత ఒకటి చూడదగినవాటికి మిథ్యా బల్ల.

రెండవ మానిటరు

సికిందరాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట వాడిన మానిటర్లు కూడా దొరుకుతవి. అటువంటిది ఒకటి తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించామనుకోండి. ఏమి జరుగుతుంది?

తీగ తగిలించగానే మానిటరు తన కొలతలను, తాను చూపగల చుక్కల సంఖ్యను చిన్న పట్టికగా కంప్యూటరుకు అందజేస్తుంది. ఈడిడ్ అనే ఈ ఏర్పాటు 1994 నుంచి వాడుకలో ఉన్నది. ఆ పట్టిక మూల భాగం 128 బైట్లు మాత్రమే. తీగ పాతదై ఈ పట్టిక అందకపోతే కంప్యూటరు మానిటరును గుర్తించలేక, తరచుగా 1024×768 చుక్కల బొమ్మనే పంపుతుంది. అక్షరాలు సాగినట్లు, మసకగా కనిపిస్తవి. అట్టి సందర్భాలలో మానిటరు చెడిపోయినదని తొందరపడక, ముందు తీగ మార్చి చూడాలి.

లినక్సులో బొమ్మలను తెర మీదికి పంపే పని చాలాకాలం ఎక్సు అనే సాఫ్టువేరు చేసినది. ఇది 1984లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పుట్టినది. 1987లో వచ్చిన దాని 11వ రూపమే దశాబ్దాల పాటు నిలిచినది. అందులో మానిటర్లన్నీ కలిసి ఒకే విశాలమైన చదరం. ఒక్కొక్క మానిటరు ఆ చదరంలో ఒక భాగాన్ని చూపే కిటికీ వంటిది. 2007కు ముందు ఈ ఏర్పాటు మార్చాలంటే ఒక దస్త్రంలో కొలతలు వ్రాసి, తెరను మొదటినుంచి మళ్ళీ ప్రారంభించవలసి వచ్చేది. ఆ యేడు వచ్చిన రాండర్ 1.2 అనే అనుబంధంతో పని నడుస్తుండగానే మానిటరు తగిలించటం, తీయటం, జరపటం సాధ్యమయినవి.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ల్యాప్‌టాప్ తెర 1366×768 చుక్కలు, కొత్తగా పెట్టినది 1920×1080 చుక్కలు అయితే, రెండింటినీ పక్కపక్కన పెట్టగా వచ్చే చదరం 3286×1080. పై అంచులు సమంగా ఉంచితే, చిన్న తెర కింద 1366×312 చుక్కల ముక్క మిగిలిపోతుంది. అది లెక్కలో ఉన్నది గాని దానిని చూపే తెర లేదు. మౌసు బాణం పెద్ద తెర అడుగున ఎడమకు పోబోయి గోడకు తగిలినట్లు ఆగిపోవటానికి కారణం ఇదే.

మరొక సాధారణమైన పొరపాటు ఏమంటే, మానిటరు బల్ల మీద ఎడమ వైపు ఉంటుంది, కంప్యూటరు లెక్కలో మాత్రం కుడి వైపు ఉంటుంది. అప్పుడు బాణాన్ని ఎడమకు తోస్తే అది కదలదు, కుడికి తోస్తే ఎడమ మానిటరులో తేలుతుంది. అమరికల పుటలో తెరల గుర్తులను మౌసుతో పట్టుకొని, బల్ల మీద ఎట్లా ఉన్నవో అట్లాగే జరిపితే చాలును. ఒకసారి సరిచేస్తే ఆ జత మానిటర్లకు కుదిర్చిన అమరికను కంప్యూటరు గుర్తుంచుకొంటుంది.

మిథ్యా బల్లలు

మిథ్య అన్నంత మాత్రాన అబద్ధమని అర్థం కాదు. 1962లో మాంచెస్టరులో అట్లాస్ అనే కంప్యూటరు ప్రారంభమయినది. ఉన్న జ్ఞాపకశక్తి కంటె ఎక్కువ ఉన్నట్లే నడిచే ఉపాయాన్ని అందులో అమలు జరిపారు. అట్టి ఉపాయానికే తరువాత మిథ్యా జ్ఞాపకశక్తి అని పేరు వచ్చినది. లేని వస్తువు ఉన్నట్లే పని జరిపించటం ఇక్కడ మిథ్య.

సురభి నాటకాలు చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. రంగస్థలం ఒక్కటే. తెర పడి లేచేసరికి రాజసభ పోయి అడవి వస్తుంది. సభలోని పాత్రలు ఎక్కడికీ పోలేదు, లోపల ఉన్నవి. మళ్ళీ సభ వచ్చినప్పుడు ఎవరి చోట వారు నిలబడతారు. మిథ్యా బల్లలు కూడా ఇంతే. ఒక మీట నొక్కితే ఒక బల్ల మీది కిటికీలన్నీ తొలగి, మరొక బల్ల మీదివి తాము వెనుక ఉన్న చోటనే ప్రత్యక్షమవుతవి.

యూనిక్సు కంప్యూటర్లపై ఈ సౌకర్యం 1990 ప్రాంతంలోనే వచ్చినది. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును ప్రకటించిన తరువాత, 1993లో రాబర్ట్ నేషన్ వ్రాసిన ఎఫ్‌.వి.డబ్ల్యు.ఎం. అనే కిటికీల నిర్వాహకం ద్వారా ఇది లినక్సు వాడేవారికి అలవాటయినది. నేడు గ్నోమ్, కె.డి.ఇ. మొదలైన అన్నింటిలోను ఉన్నది. గ్నోమ్‌లో కిటికీల గుర్తు గల మీటను, లినక్సువారు సూపర్ మీట అనేదానిని, పట్టుకొని పేజ్ డౌన్ నొక్కితే తరువాతి బల్ల, పేజ్ అప్ నొక్కితే వెనుకటి బల్ల వస్తవి. వీటితోపాటు షిఫ్ట్ కూడా నొక్కితే చేతిలోని కిటికీ కూడా ఆ బల్లకు వెళుతుంది. సూపర్, షిఫ్ట్ పట్టుకొని కుడి ఎడమ బాణాలు నొక్కితే కిటికీ ఒక మానిటరు నుంచి మరొక దానికి మారుతుంది.

ఏది మారాలి, ఏది నిలవాలి?

ఒక్క మానిటరు ఉన్నంతవరకు ఇందులో సందేహానికి తావు లేదు. రెండు మానిటర్లు, నాలుగు బల్లలు ఉన్నప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. బల్ల మార్చినప్పుడు రెండు మానిటర్లూ మారాలా, ఒక్కటే మారాలా?

దీనికి మూడు సమాధానాలు వాడుకలో ఉన్నవి. కె.డి.ఇ. అనుసరిస్తూ వచ్చిన పద్ధతిలో రెండు మానిటర్లూ కలిసి మారుతవి. గ్నోమ్ మొదట ఉంచే అమరికలో ముఖ్యమైన మానిటరు మాత్రమే మారుతుంది, రెండవది కదలక నిలుస్తుంది. ఐ3 అనే మరొక నిర్వాహకంలో ప్రతి మానిటరుకూ దాని బల్లలు దానికే ఉంటవి. వేటికవే మారుతవి.

వీటిలో ఏది మంచిదనే ప్రశ్నకు పనిని బట్టి సమాధానం చెప్పాలి. మన విద్యార్థిని గ్నోమ్ వాడుతున్నదనుకుందాము. పుట బొమ్మ రెండవ మానిటరు మీద, అక్షరాలు ల్యాప్‌టాప్ మీద ఉన్నవి. ఆమె ఉత్తరాలు చూడటానికి బల్ల మార్చినది. ల్యాప్‌టాప్ మారినది, పుట మాత్రం పక్కన అట్లాగే ఉన్నది. ఇప్పుడు ఆమె ముందు రెండు వేర్వేరు పనుల సగాలు ఉన్నవి. ఆమె మరొక అధ్యాయానికి కావలసిన వేరొక పుటను రెండవ మానిటరు మీద తెరచినదంటే, తిరిగి మొదటి బల్లకు వచ్చేసరికి అక్షరాలు ఒక పుటవి, బొమ్మ మరొక పుటది. గమనించకుండా దిద్దితే వ్రాయసకాని తప్పు కంటె పెద్ద తప్పు జరుగుతుంది. ఆమె వంటివారికి రెండు మానిటర్లూ కలిసి మారే పద్ధతి మేలు. గ్నోమ్ అమరికలలో బహుళ పనులకు సంబంధించిన పుటలో, బల్లలు అన్ని మానిటర్లకూ వర్తించాలనే ఎంపిక కలదు.

మరొక సందర్భం చూద్దాము. ఆమె శాఖలో గోష్ఠి జరుగుతున్నది. ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టరు తగిలించారు. కంప్యూటరు దృష్టిలో ప్రొజెక్టరు కూడా రెండవ మానిటరే. సూపర్ మీటతో పి నొక్కితే రెండు ముఖ్యమైన ఏర్పాట్లు కనిపిస్తవి. అద్దం పద్ధతిలో ల్యాప్‌టాప్ మీద ఉన్నదంతా గోడ మీద కనబడుతుంది. కలిపే పద్ధతిలో గోడ వేరు, ల్యాప్‌టాప్ వేరు. అద్దం పద్ధతిలో ఒక దస్త్రం కోసం వెదికితే సభలోని వారందరూ ఆమె సొంత దస్త్రాల పేర్లు చదువుతారు. కలిపే పద్ధతిలో, గ్నోమ్ తొలి అమరికతో, గోడ మీది బొమ్మ కదలదు. ఆమె ల్యాప్‌టాప్ మీద బల్ల మార్చి తన గుర్తుల కాగితం చూచుకొనవచ్చును. పుటలు దిద్దేటప్పుడు అడ్డువచ్చిన అమరికే ఇక్కడ పరువు కాపాడుతున్నది.

కావున మానిటరు తగిలించిన ప్రతిసారీ మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. నేను బల్ల మార్చినప్పుడు ఆ రెండవ తెర నాతో రావాలా, ఉన్నచోటనే నిలవాలా?

తెలుగు అక్షరాలకు వచ్చే చిక్కు

రెండు మానిటర్ల చుక్కల సాంద్రత ఒకటిగా లేకపోతే మరొక ఇబ్బంది కలుగుతుంది. 1920×1080 చుక్కలు 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఉంటే అంగుళానికి సుమారు 157 పడతవి. అవే చుక్కలు 24 అంగుళాల మానిటరులో అంగుళానికి 92 మాత్రమే. అందువల్ల 24 చుక్కల ఎత్తు గల అక్షరం మానిటరు మీద 6.6 మిల్లీమీటర్లు, ల్యాప్‌టాప్ మీద 3.9 మిల్లీమీటర్లు ఉంటుంది.

ఇంగ్లీషు చదివేవారు దీనిని కొంత సర్దుకొనగలరు. తెలుగులో ఒత్తులు అక్షరం కింద ఇమడాలి. ధ, థలకు భేదం లోపలి చుక్క ఒక్కటే. అక్షరం చిన్నదయితే ముందుగా చెరిగేవి ఇవే. ప్రతి శుద్ధి చేసేవారికి ఇది అల్పమైన విషయం కాదు. ఎక్సు పద్ధతిలో ఒక్కొక్క మానిటరుకు వేరు వేరు పరిమాణం ఇవ్వటం కష్టం. క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 2008లో ప్రారంభించిన వేలాండ్ అనే కొత్త ఏర్పాటులో మానిటరుకొక పెంపు ఇవ్వవచ్చును. ల్యాప్‌టాప్ మీద నూటికి 150, మానిటరు మీద నూటికి 100 అని పెడితే అక్షరాలు రెండు చోట్లా ఇంచుమించు ఒకే ఎత్తున కనిపిస్తవి.

రెండు అపోహలు

మిథ్యా బల్లలు పెరిగితే కంప్యూటరు మందగిస్తుందని కొందరు భయపడతారు. 1920×1080 చుక్కల బొమ్మకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, సుమారు 83 లక్షల బైట్లు కావాలి. దానిని సెకనుకు 60 సార్లు పంపితే సుమారు 50 కోట్ల బైట్లు అవుతవి. ఇది నిజమైన మానిటరు మోపే బరువు. మిథ్యా బల్లకు ఇట్టి పంపకం లేదు, కనబడని బల్లను ఏ తెరకూ పంపనవసరం లేదు. అయితే ఆ బల్ల మీద తెరచి ఉన్న కార్యక్రమాలు మాత్రం ఆగవు. అవి జ్ఞాపకశక్తిని వాడుతూనే ఉంటవి, పాట పాడుతూనే ఉంటుంది. బరువు తెరచిన కార్యక్రమాలది, బల్లది కాదు.

రెండవ అపోహ మరికొంత ప్రమాదకరం. వేరే బల్ల మీద పెట్టినది రహస్యంగా ఉంటుందని అనుకొంటారు. బల్లకు తాళం లేదు. ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవారెవరైనా ఒక మీటతో దానిని తేవచ్చును. ఎక్కడో ఉన్న కిటికీకి ఉత్తరం వస్తే దాని సూచన ఇప్పటి తెర మీద మెరుస్తుంది. వసతి గృహంలో నలుగురు ఒకే కంప్యూటరు వాడుకొనేటప్పుడు, ప్రతివారికీ వేరు ఖాతా, వేరు సంకేతపదం ఉండాలి. గోష్ఠిలో మాట్లాడే ముందు సూచనలు రాకుండా ఆపుకోవాలి.

ఉన్నదానితోనే

రెండవ మానిటరు కొనే స్తోమత అందరికీ ఉండదు. అయినా నిరాశ పడనక్కరలేదు. సూపర్ మీటతో ఎడమ బాణం నొక్కితే కిటికీ తెరలో ఎడమ సగాన్ని ఆక్రమిస్తుంది, కుడి బాణంతో మరొకటి కుడి సగంలో కూర్చుంటుంది. పుట ఒక పక్క, అక్షరాలు ఒక పక్క. నిఘంటువు రెండవ బల్ల మీద, ఉత్తరాలు మూడవ దాని మీద, మిగిలిన అధ్యాయాలు నాలుగవ దాని మీద పెట్టుకొనవచ్చును. ఏ బల్ల దేనికన్నది నిశ్చయించి, దానిని రోజూ మార్చకుండా ఉంటే, కొద్ది రోజులలో చేతివేళ్ళే దారి తెలుసుకొంటవి. వంటింటిలో ఉప్పు డబ్బా చోటు మారనంత కాలం చీకటిలో కూడా చేతికి అందుతుంది గదా!

ఈ సదుపాయాలేవీ విడిగా కొనవలసినవి కావు. లినక్సు స్వేచ్ఛా సాఫ్టువేరు గనుక, వీటి అమరికల పుటలలో కనిపించే మాటలను తెలుగులోకి మార్చే హక్కు కూడా మనకు ఉన్నది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వంటివారు ఆ దిశగా పనిచేశారు.

మన విద్యార్థిని తెరను ఇట్లా సర్దుకొన్నది. ఇప్పుడు ఆమె కన్ను పుట నుంచి అక్షరానికి, అక్షరం నుంచి పుటకు జానెడు దూరం మాత్రమే కదులుతున్నది. పంక్తిని మనసులో మోసుకొనిపోయే పని తప్పినది. పాత పుస్తకంలో ఒక పంక్తి పోకుండా నిలిచినదంటే అందులో ఆమె శ్రద్ధకు మొదటి పాలు దక్కుతుంది. కిటికీలను ఏది ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టుకొన్నందుకు రెండవ పాలు దక్కుతుంది.